నీ గళ్ళ లుంగీలో వంకర గీత

ఏమయ్యా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. మొన్నీమధ్య మన కూతురు నస్రీన్ నన్ను బలవంతాన నరసరావుపేట తీసుకుపోయి కళ్ళు చూపించింది. నాకు చూపు బాగానే ఉంది, సూదిలో దారం నేనే ఎక్కిస్తున్నా. అయినా ఆ డాక్టరు మిషన్ మీద గడ్డం ఆనించమని ఫొటో తీసి, కంటి వెనక పొర పల్చబడిందనీ, అందులో సన్న రక్తనాళాలు తగ్గాయనీ అన్నాడు. వయసుతో వచ్చేదేనంట, ఇప్పుడే మొదలంట.

"నాకేం తెలీట్లేదు గదా సార్" అన్నా.

"తెలిసేసరికి ఆలస్యమైపోద్దమ్మా" అన్నాడు.

అక్కడే నాకు అనుమానమొచ్చింది. నడిచే బండికి పార్టు పోయిందనే మెకానిక్కుని నమ్మొద్దని నువ్వే అనేవాడివి. నువ్వూ మెకానిక్కువే మరి.

ఆయన గళ్ళ కాగితం ఒకటిచ్చి, రోజూ ఒక్కో కన్ను మూసి చూడమన్నాడు. గీతలు వంకరగా కనపడితే వెంటనే రావాలంట. ఆ కాగితాన్నీ నమ్మలా. వంకర వాళ్ళే అచ్చేసి ఉంటే ఏంది? అందుకే దండెం మీద నీ గళ్ళ లుంగీ ఆరేసి చూస్తున్నా.

నిన్న ఒక గీత వంకరగా కనపడింది. రెండో కంటితో చూసినా అక్కడే వంకర. దగ్గరికి పోయి తడిమా. షెడ్డులో రేకు గీరుకుని చిరిగితే నేను కుట్టిన చోటు అది.

ఇప్పుడు రోజూ ముందు ఆ కుట్టే చూస్తున్నా. ఆ గీత తిన్నగా కనపడిందా, నువ్వేమన్నా సరే, ఆ డాక్టరు దగ్గరికే పోతా.