మూడేళ్ల సాక్ష్యం

నారాయణఖేడ్,
1941 ఫిబ్రవరి 9, ఆదివారం.

హన్నమ్మ వదినకు,

మరిది దేవానందం ప్రభువు పేరిట వందనాలు చేసి రాస్తున్న ఉత్తరం. నేను, మా అమ్మాయి ఆనందమ్మ బాగున్నాం. కల్హేర్‌లో నువ్వు, ఈరయ్య అన్న బాగున్నారని మొన్న సంతకు వచ్చినవాళ్లు చెప్పారు. ఏడాదిగా నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు. తప్పు నాది. ఆ సంగతి రాయడానికే కూర్చున్నాను.

ముందు ఇక్కడి వార్తలు. ఆనందమ్మకు పదమూడు నిండాయి. పొడుగు పెరిగింది. జొన్న కోతలకు పోయిన పిల్లలు బడికి ఇంకా సగమే వచ్చారు. అమృతమ్మ సమాధికి రాయి తెప్పించాను. మొగులప్ప చెక్కుతున్నాడు. నీ చెల్లెలి పేరు, తేదీలు అయిపోయాయి. వాటి కింద ఆమె చివరి మాట ఉండాలని సంఘం వాళ్లు అన్నారు. ఈ నెల ఇరవై ఏడుకు ఆమె పోయి నాలుగేళ్లు. ఆ రోజు జ్ఞాపకార్థ కూటం. ఆలోగా రాయి నిలబెట్టాలి. జల్దీ చెప్పు పంతులూ, కానీ మంచిగ సోచాయించి చెప్పు, ఇది నీ బడి పలక గాదు తుడిచి మల్ల రాసెటందుకు అని మొగులప్ప రోజూ పోరుతున్నాడు.

ఆ మాట నా దగ్గర ఉందనే అనుకున్నాను.

పోయిన ఏటి కూటంలో నేను చదివిన సాక్ష్యం నువ్వు మరిచి ఉండవు. అమృతమ్మ తల నా ఒడిలో ఉందని, చెంచాతో నేను నీళ్లు పోశానని, ఇగ చాలు, నా తండ్రి ఇంటికి పోతున్న అని కన్ను మూసిందని చదివాను. అందరూ కళ్లు తుడుచుకున్నారు. నువ్వొక్కదానివి లేచావు. ఏంది మరిదీ గిది, గా దినం నువ్వు యాడున్నవ్, నీళ్లు పోసింది నేను గాదా అని అందరి ముందర అడిగావు. చెల్లెలు పోయిన దుఃఖంలో నీకు మతి తప్పిందని నేనన్నాను. సంఘం నన్నే నమ్మింది. నేను బి.ఏ. చదివినవాణ్ణి, పైగా కాగితం చూసి చదివాను. సదువుకున్నోనివి, నీ మతి నీ దగ్గర్నే పెట్టుకో అని నువ్వు వెళ్లిపోయావు. మళ్లీ మా గడప తొక్కలేదు.

వదినా, ఆ రోజు నేను తెలిసి అబద్ధం చదవలేదు. నాకు అలాగే గుర్తుంది. ఆమె తల బరువు నా తొడ మీద ఇప్పటికీ తెలుస్తుంది.

పోయిన మంగళవారం ఆనందమ్మను వెంటబెట్టుకొని రాయి చూడటానికి వెళ్లాను. మొగులప్ప ఊరికే ఉండక, మీ అమ్మ యాదికున్నదా బిడ్డా అని అడిగాడు. ఎందుకు లేదు, అమ్మ తల నాయన ఒడిల ఉండె, నీళ్లు నాయన అంగి మీద పడ్డయి, నేను దర్వాజ కాడ నిలబడి చూసిన అని గడగడా చెప్పింది. లేదమ్మా, నువ్వు ఆ వారమంతా కల్హేర్‌లో ఉన్నావు, పెద్దమ్మ ఇక్కడ అమ్మ దగ్గర ఉంటే పెదనాయన నిన్ను అక్కడ చూసుకున్నాడు, అమ్మ పోయినాకనే బండి మీద తెచ్చాడు అని చెప్పాను. దానికి కోపం వచ్చింది. చూసిన అంటె చూసిన, నా కండ్లు నాకు ఎరుకలేవా అంది. మీ తండ్రిబిడ్డల పంచాయతి తెంపనీకె నేను తహసీల్దారును గాదు అని మొగులప్ప నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. అంగి మీద నీళ్లు పడ్డాయని నేను ఎన్నడూ చెప్పలేదు. కూటంలో నా సాక్ష్యం విని, ఆ తడి తానే చేర్చుకుంది. దానికి అది కళ్లారా చూసినట్టే. మరి నేనేం చేర్చుకున్నాను?

నీకు తెలుసు, మన సంఘంలో అందరూ నోటితో సాక్ష్యం చెబుతారు. నాకు అది రాదు. రాసుకొని చదువుతాను. ఆ మూడు కాగితాలూ ఉన్నాయి. ఇంటికి వచ్చి వరుసగా పరిచాను.

మొదటి ఏడు నేను రాసింది ఇది: బీదరు దవాఖాన నుంచి మందు తెస్తూ దారిలో ఉన్నాను. హన్నమ్మ వదిన రెండు చెంచాల నీళ్లు పోసింది. ఇగ చాలు అక్కా అని అమృతమ్మ తల తిప్పుకుంది. కొంచెంసేపటికి పోయింది.

రెండో ఏటి కాగితంలో దారి లేదు. నేను మంచం దగ్గర నిలబడి ఉన్నాను. నీళ్లు ఎవరు పోశారో లేదు.

మూడో దానిలో నువ్వే లేవు.

మూడూ నా చేతిరాతే. ఒక్క కొట్టివేత లేదు.

హైదరాబాదులో కాలేజీలో చదివేటప్పుడు మనస్తత్వశాస్త్రం కొంత చెప్పారు. జ్ఞాపకం సందుకలో దాచిన చీర కాదు, తీసిన ప్రతిసారీ మళ్లీ నేస్తాం, నేసేటప్పుడు చేతికందిన దారం కలుపుతాం, కలిపిన సంగతి మనకే తెలియదు అన్నారు. పరీక్షలో అదే రాసి మార్కులు తెచ్చుకున్నాను. అది నా ఇంటి సంగతి అని తట్టలేదు. మొదటి కూటంలో నువ్వు ఏడుస్తూ చెప్పింది నేను విన్నాను. ఏటేటా తలుచుకున్నాను. తలుచుకొని తలుచుకొని నీ చోట నేను కూర్చున్నాను. నీ చేతిలోని చెంచా తీసుకున్నాను.

ఆనందమ్మకు మొదటి కాగితం చూపాను. చదివి సరే అంది. కాగితం మడిచి ఇచ్చి, అయినా నాకు కనపడుతున్నది నాయనా అంది. నాకూ కనపడుతున్నది. అది తప్పని తెలిసినా పోవడం లేదు.

వదినా, నిన్ను మతి తప్పిందన్నాను. క్షమించు. తండ్రి ఇంటికి పోతున్న అని ఆమె అనలేదు. నీళ్లు చాలన్నది, అంతే. సంఘానికి పెద్ద మాట కావాలి, నాకూ కావలసి వచ్చింది. మొగులప్పను ఒక వరుస చోటు విడిచిపెట్టమన్నాను. అక్కడ ఏం ఉండాలో, అసలు ఏమన్నా ఉండాలో లేదో చెప్పే హక్కు నీది. ఇరవై ఏడున రా. నాలుగో సాక్ష్యం నువ్వు చెప్పు. ఈరయ్య అన్నకు నా వందనాలు.

నీ మరిది,
దేవానందం

మరిచి కాదు, ధైర్యం చాలక విడిచింది: మొదటి కాగితం కూడా నిజం కాదు. నేను దారిలో లేను. మందూ లేదు. ఇక మందు పనిచేయదు, ఇంటికి పోయి ఆమె దగ్గర కూర్చో అని బీదరులో డాక్టరు చెప్పాడు. ఆ పొద్దున్నే ఊరు చేరాను. మా ఇంటి గోడ దాకా వచ్చాను. లోపల ఆమె నీతో మాట్లాడుతున్నది వినిపించింది. నా ముఖం చూస్తే ఆమెకు తెలిసిపోతుందని లోపలికి రాలేకపోయాను. బడికి పోయి నాలుగో తరగతికి లెక్కలు చెప్పాను. మీరు ఏడ్చిన చప్పుడు వీధిలోకి వచ్చాక, బండి దిగినవాడిలాగా వచ్చాను. ఆ రోజు హాజరు పట్టీలో నా సంతకం ఉంది. నిన్న చూసుకున్నాను. తరువాతి రెండు కాగితాలూ నాకు తెలియకుండా నా మనసు రాసింది. మొదటిది నేను రాశాను. ఈ ఉత్తరం వెంట తీసుకురా, కూటంలో నీ సాక్ష్యం అయ్యాక లేచి ఇది చదువుతాను. నేను మధ్యలో ఆగితే, మిగిలింది నువ్వు చదువు.