అన్ని కంపెనీల పిచ్చుకలు

చిరంజీవి మా పెద్దాడికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అంటే చెల్లికి జలుబు, నాకు మోకాళ్ళు, సుద్ద బిళ్ళల అచ్చు మిషనుకి ఎప్పటి మూలుగే. గని దగ్గర నువ్వూ కోడలూ కులాసాగా ఉన్నారనుకుంటాను.

నువ్వు పంపిన సుద్దమట్టి బస్తాలు అందాయి. మట్టి మెత్తగా ఉంది, బిళ్ళలు ఆరాక విరగడం లేదు. కొత్త పెట్టెల మీద లాయరు గారు చెప్పినట్టే "పిచ్చుక మార్కు దర్జీ సుద్ద" అని పూర్తిగా అచ్చు వేయించాం. ఉత్త పిచ్చుక అని ఎక్కడా వేయకూడదట. అది మన సరుకు గుర్తే గానీ, సుద్దకి పేరు కాదని ఆయన చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. తలూపి వచ్చేశాను.

టైలర్లు ఎవరి సుద్దనైనా పిచ్చుక అనే అంటారు కదా. మన పేరు అందరి నోళ్ళలో నానుతోందని మీ నాన్న మురిసిపోయేవారు, నేనూ మురిసిపోయాను. ఇప్పుడు అవతలి కంపెనీవాళ్ళు తమ పెట్టెల మీద అదే పేరు వేసుకున్నారు, మనం కేసు వేస్తే "అది సుద్దకి మామూలు పేరే, వాళ్ళే అలా రాసుకున్నారు" అని కోర్టులో ఫోటో పెట్టారు. ఆ ఫోటో మన కొట్టు తలుపు పైనున్న బోర్డుది: "అన్ని కంపెనీల పిచ్చుకలూ దొరుకును."

అది చూసే కదా పోయిన ఉత్తరంలో నిప్పులు కక్కావు. "ఇది మామయ్య నిర్వాకమే, ఇంక ఆయన్ని కొట్టులో కూర్చోబెట్టొద్దు" అన్నావు. నా కళ్ళజోడు బాగుకిచ్చాను, ఆ ఉత్తరం మామయ్యే చదివి వినిపించాడు. ఒక్క ముక్క వదల్లేదు. మడిచి నా చేతికిచ్చి, తాళాలు బల్ల మీద పెట్టాడు. "కొట్టు చూసుకునేది నేనే కదక్కా, వాడన్నదాంట్లో తప్పేముంది?" అన్నాడు. నేను ఆ తాళాలు తీసి సొరుగులో పెట్టుకున్నాను. పన్నెండు రోజులైంది, మళ్ళీ గుమ్మం తొక్కలేదు.

మార్కు నీ పేరున ఉంది గనక, లాయరు గారు నీ సంతకానికి ఓ కాగితం పంపారు. యజమానులకి తెలియకుండా కొట్టులో పనిచేసేవాడు బోర్డు రాశాడని నువ్వు ప్రమాణం చేయాలి. చేస్తే పేరు దక్కొచ్చంటున్నారు.

సంతకం పెట్టకు నాన్నా. ఆ బోర్డు రాసింది నేను.

మీ నాన్న కాలం చేసిన ఏడు మిషను రెండు నెలలు ఆగిపోయింది గుర్తుందా? వచ్చినవాళ్ళు తిరిగిపోతుంటే నలుగురి దగ్గరా సరుకు తెప్పించాను. కుంచె పట్టింది నేను, నిచ్చెన పట్టుకున్నది మామయ్య. "వేరేవాళ్ళ సరుక్కి మన పేరెందుకక్కా?" అని అడిగాడు కూడా. "నిచ్చెన పట్టుకో చాలు, నా తప్పులు పట్టుకోకు" అన్నాను. మిషను బాగయ్యాక కూడా, బేరం బాగుందని బోర్డు తీయలేదు. కూర్చున్న కొమ్మని నేనే నరుక్కున్నాను. నీ ముందు చులకనైపోతానని భయపడి, తమ్ముడి మీద పడ్డ నింద చూస్తూ ఊరుకున్నాను. సిగ్గుగా ఉందిరా.

నిన్న లాయరు గారికి చెప్పేశాను. ఆయన తల పట్టుకున్నారు. "పాతికేళ్ళ పెట్టెలూ ప్రకటనలూ ఉన్నాయి, వాటితో పోరాడదాం. కానీ ఓడిపోవచ్చమ్మా" అన్నారు.

ఇవాళ పొద్దున తాళాలు తీసుకుని మామయ్య ఇంటికి వెళ్ళాను. నీకు అంతా రాస్తున్నానని చెప్పాను. వాడు తాళాలు ముట్టుకోలేదు.

"రాయకక్కా, పేరు పోతుంది. నా మీదే ఉండనీ" అన్నాడు.

అక్కడే ఏడ్చేశాను. ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. వాయిదా ఇంకా మూడు వారాలుంది, లాయరు గారికి తర్వాత రాయొచ్చు. ముందు మామయ్యకి రాయి.

ఇట్లు,
ఆ బోర్డు రాసిన
మీ అమ్మ