కూలర్ ఆపాక విన్న మాట

మంగళవారం, రాత్రి పది.

పాప చెవులు బాగానే ఉన్నాయట. మెదడులో డోపమైన్ అనే రసాయనం తేడాగా పనిచేస్తే, ఇన్ని చప్పుళ్లలో ఏది వినాలో ఏరుకోవడం కొందరు పిల్లలకి కష్టమవుతుందని పొద్దున డాక్టరు చెప్పారు. కూలర్ హోరు, మిక్సీ, నా గొంతు, అన్నీ దానికి ఒక్కలాగే వచ్చి పడతాయట. నేనేమో తెలుగులో పిలిస్తే కావాలనే పలకడం లేదనుకున్నాను. ఢిల్లీ గాలి తగిలిందని ఎన్నిసార్లు తిట్టానో. మందుల సంగతి వచ్చే వారం చూద్దామన్నారు. అదొక దిగులు.

సాయంత్రం డాక్టరు చెప్పినట్టే చేశాను. కూలర్ ఆపి, దగ్గరికెళ్లి, భుజం మీద చెయ్యి వేసి, "పాలు తాగుతావా తల్లీ?" అన్నాను, మామూలు గొంతుతోనే.

"హా మమ్మీ," అంది వెంటనే. నా మొహంలోకి చూసి, "ఆజ్ ఆప్ గుస్సా నహీ హో?" అని అడిగింది, ఇవాళ నాకు కోపం లేదా అని.

కోపమెందుకే అన్నాను. రోజూ కోపంగానే పిలుస్తానట.

రోజూ మూడుసార్లు మెల్లగానే పిలుస్తాను. నాలుగోసారి అరుస్తాను. ఇన్నేళ్లుగా దానికి అందింది ఆ నాలుగోదొక్కటే.