నాన్న రాసిన ‘పాత చోటు’

ఎలిసియో,

డ్యూటీ నుంచి రాగానే బూట్లు విప్పకు, వెంటనే బయల్దేరు. నాన్న మా అమ్మాయి మారిసెలాని తీసుకుని క్యాంపుకి వెళ్లిపోయాడు. ఎప్పట్లాగే ఫ్రిజ్ మీద కాగితం అంటించాడు: “పాత చోటే. ఆదివారం వస్తాం.” ఏ పాత చోటురా? మనకి పాత చోటంటే ఏటి ఒడ్డు. ఆయనకి మాత్రం అమ్మతో పెళ్లికాక ముందు తిరిగిన కొండ మీది క్యాంపు. రెండుచోట్లా ఫోన్లు పనిచెయ్యవు.

ఎగువన కుండపోతగా కురిసిందట. మన ఏరు రియో గ్రాండే పొంగుతోందని ఇప్పుడే రేడియోలో చెప్పారు. నేను కారులో ఏటి ఒడ్డుకి పోతున్నాను, నువ్వు కొండకి పో. ట్రక్కు నీకు వదిలాను, వెనక నీళ్లూ తాడూ ఉన్నాయి. దారిలో వాగు పారుతుంటే మాత్రం దాటకు, ఇవతలే ఆగిపో. నాకు ఇంకో భయం పెట్టకు. వాళ్లు కనబడితే ఫారెస్టు రేంజర్ల రేడియోలో నాకు కబురు పెట్టించు.

అక్క

నిన్న “ఆ కొండెక్కే వయసా నీది? పిల్లని ఏటి ఒడ్డుకే తీసుకెళ్లు” అని ఆయన మీద అరిచింది నేనేరా. నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ మనిషి నా మాట ఒక్కటంటే ఒక్కటి వినలేదు. ఇవాళ కూడా విని ఉండకూడదని గ్వాడలూపే మాతకి మొక్కుకుని పోతున్నాను.