నాన్న గడ్డం మీద గాటు

జూన్ 14, ఆదివారం

అక్కా,

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న గడ్డం మీద గాటు కూడా మానుతోంది. బావగారి మెడనొప్పి తగ్గిందని, చంటిది గోడ పట్టుకుని నిలబడుతోందని అమ్మ చెప్పింది. సంతోషం.

ఇక నీ ఉత్తరం సంగతి. కన్నతండ్రి మీద కత్తి ఆడించేంత పగేమిటే నీకు అని రాశావు. అమ్మ ఫోన్‌లో చెప్పిందే కదా నీకు తెలిసింది. ఆవిడ గదిలోకి వచ్చేసరికి నాన్న గడ్డం నుంచి రక్తం, నా ఒక చేతిలో కత్తి, రెండో చెయ్యి నాన్న పిడికిట్లో. పాపం నన్ను ఆపుతున్నాడని తేల్చేసింది. నా బొటనవేలు ఆ పెనుగులాటలోనే తెగిందట. పోయిన నెల ఇదే అమ్మ, నేను రోజూ నాన్నకి గడ్డం గీయడం చూసి, దాని మనసు కరిగింది, అంతా మర్చిపోయింది అని వీధంతా చెప్పుకొచ్చింది. అప్పుడు దేవతని, ఇప్పుడు రాక్షసిని. ఈ రెండింటి మధ్య ఈ ఇంట్లో నాకు చోటే లేనట్టుంది.

నేనేమీ మర్చిపోలేదు. రెండేళ్ల కింద నాకు ఉద్యోగమిస్తామని ఫోన్ వస్తే, అలాంటి అమ్మాయి ఇక్కడెవరూ లేరని పెట్టేసింది నాన్నే. తెలిసి నిలదీస్తే, షాపులో అద్దం తుడుస్తూ, నువ్వెళ్తే ఇల్లు బోసిపోతుందే అన్నాడు. తప్పు చేసినవాడి మొహం కూడా పెట్టలేదు. ఆ సాయంత్రమే, క్షవరానికి వచ్చిన ప్రతివాడికీ మా చిన్నది కాలేజీలో ఫస్టొచ్చింది అని చెప్పి, తల వంచమనడం మర్చిపోయాడు.

ఇప్పుడు పక్షవాతంతో ఆయనకి కుడిచెయ్యి, మాట పడిపోయాయి. వేడి తువ్వాలు వేసి, నురగ రాసి, బొటనవేలితో బుగ్గ సాగదీసి గీస్తాను. చిన్నప్పుడు ఆయన నేర్పిందే. ఆ బుగ్గ మెత్తగా తగిలితే పసివాణ్ని చూసినట్టు ముద్దొస్తుంది. అంతలోనే ఆ ఫోన్ గుర్తొచ్చి పళ్లు బిగుసుకుంటాయి. ఒకటి వెళ్లాక ఇంకొకటి రావడం లేదక్కా, రెండూ కలిసే వస్తున్నాయి. అదే ఫోన్ పక్కింటాయన పెట్టేసి ఉంటే రెండ్రోజులు తిట్టుకుని ఊరుకునేదాన్ని. నాన్న కాబట్టే ఇంకా మండుతోంది. నువ్వు మాత్రం? బావగారి మీద విసుగొస్తే ఈ మనిషిని ఏ రోజో నా చేతుల్తో చంపేస్తానంటావు, ఆయనే పదినిమిషాలు ఆలస్యమైతే గేటు దగ్గరే నిలబడతావు. నిన్నెవరూ రాక్షసి అనరు.

నీటి పరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం సంగతి కూడా అమ్మ చెప్పిందిగా. ఈసారి ఫోన్ నేనే ఎత్తాను. నాన్న లేచి తిరిగేదాకా ఆగమన్నావు. షాపులో నాన్న పక్క కుర్చీ బాబాయ్ రోజూ పొద్దున్నే వచ్చి గీస్తానన్నాడు. మందుల వేళలు అమ్మకి నాకంటే బాగా తెలుసు.

బావగారికి నమస్కారాలు, చంటిదానికి ముద్దులు.

నీ
తూనీగ

తా.క.: గాటు సంగతి రాయకూడదనుకున్నాను. కానీ నువ్వొక్కదానివైనా తెలుసుకోవాలి. ఆ పొద్దున నురగ రాశాక, ఉద్యోగం వచ్చింది నాన్నా, వెళ్తున్నాను అని చెప్పాను. అద్దంలో నన్నే చూశాడు. కత్తి గడ్డం మీదికి వచ్చేదాకా ఆగి, విసురుగా తల తిప్పాడు. అది వణుకు కాదు. కుర్చీ ఎక్కిన ప్రతివాడికీ ఆయన చెప్పే మాట నీకూ గుర్తుండే ఉంటుంది: "కత్తికి కోపం ఉండదండీ. కదిలినవాళ్లదే తప్పు." అన్నేళ్లు అందరినీ కదలొద్దన్న మనిషి కావాలనే కదిలాడు. ఆయన గడ్డం, నా బొటనవేలు ఒకేసారి తెగాయి. వెంటనే ఎడంచేత్తో నా భుజం మీది తువ్వాలు లాగి, తన గడ్డానికి కాదు, నా వేలికి చుట్టి పట్టుకున్నాడు. నొప్పెట్టేంత గట్టిగా. తన రక్తం చొక్కా మీదికి కారుతున్నా వదల్లేదు. అమ్మ చూసింది అదే.

ఆ తర్వాతా రోజూ నేనే గీస్తున్నాను. అమ్మ గుమ్మంలో కాపలా కాస్తోంది. ఆయన కదలడం లేదు.

అమ్మకి చెప్పకు. ఆయన మీద కోపమొస్తుంది. ఆ కోపం నాకొక్కదానికే ఉండనీ.

బుధవారం పొద్దున బస్సుకి వెళ్తున్నాను.