కషాయం ఇక లక్ష్మికి వద్దు

శుక్రవారం, పద్మనగర్

నేను నడిపే మరమగ్గాలకు, అంటే సాంచాలకు, సెలవు కాబట్టి దవాఖానకు వెళ్లి నా పరీక్ష రిపోర్టు చూపించాను. పెళ్లయిన ఐదేళ్లలో నేను పరీక్ష చేయించుకోవడం ఇదే మొదటిసారి. వీర్యకణాలు తక్కువగా ఉన్నాయట.

"గిది మగతనం ముచ్చట కాదు. వృషణాల కాడ నరాలు ఉబ్బినయ్. చిన్న ఆపరేషన్‌తోని మంచిగయ్యే అవకాశం ఉంది" అన్నాడు డాక్టరు. కాస్త ఊపిరి తిరిగింది. అయినా ఇంటివైపు కాళ్లు కదల్లేదు.

ఇంట్లో అమ్మ నా భార్య లక్ష్మి చేత, పిల్లలు పుట్టాలని మళ్లీ కషాయం తాగిస్తోంది. నేను గ్లాసు లాక్కున్నాను.

"అమ్మా, ఆమెకేం లేదు. లోపం నాలనే ఉన్నదని డాక్టర్ చెప్పిండు."

"మెల్లగ మాట్లాడు బిడ్డా, ఎవలన్న ఇంటరు" అంటూ అమ్మ తలుపు వేసింది.

లక్ష్మి ఇప్పుడు అటు తిరిగి పడుకుని ఏడుస్తోంది. ఇన్నేళ్లు పడ్డ మాటలకా, నా కోసమా?