తీపాకు చాయ్

అక్కా,

నిన్ను నేను ఫొటోలోనే చూశాను. నువ్వు పోయాక నీ పెనిమిటి నన్ను చేసుకుని ఈ దేవరకొండ ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పటికే ఆయనకు షుగరు. నా చేతి చాయ్ ఎప్పుడూ చప్పగానే తాగాడు. తాగిన ప్రతిసారీ, "గామె చాయ్ ఎంత తియ్యగుంటుండెనో!" అనేవాడు.

స్టీవియా ఆకు తియ్యగా ఉంటుంది గానీ షుగరు పెంచదని దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. నల్లగొండ నర్సరీకి పోయి మొక్క తెచ్చి కుండీలో పెంచాను. ఇవాళ్టికి నువ్వు పోయి ఇంకో ఏడాది నిండింది. పొద్దున్నే ఆ ఆకులు వేసి చాయ్ మరిగించి ఆయన చేతికిచ్చాను. ఒక గుక్క తాగి ఆగిపోయాడు.

"ఎట్లున్నది? జర చెప్పరాదు!" అన్నాను.

"అచ్చం గామె పెట్టినట్టే ఉన్నది," అని కళ్లు తుడుచుకున్నాడు. ఇంకో గ్లాసు నాతోనే పోయించి, నీ ఫొటో ముందు పెట్టి మేకల దగ్గరికి పోయాడు.

మొక్క తెచ్చిందీ చాయ్ పెట్టిందీ నేనైతే, పేరు నీకొచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. నీ ముందున్న గ్లాసు తీసి నేనే తాగేశాను. కోపమొస్తే నా కలలోకి వచ్చి తిట్టు. ఆయన కలలోకి మాత్రం రావద్దక్కా.